ఆషాఢం ఆఫర్‌లో అమ్మకి ఒక రోజు సెలవు

ఆషాఢం అంటే మనకి గుర్తొచ్చేవి మూడు. బట్టల షాపుల డిస్కౌంట్లు, చేతికి గోరింటాకు, పుట్టింటికి వచ్చిన కొత్త పెళ్లికూతుళ్లు. నాలుగోది కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వేసవిలో కాలు పెట్టడానికి చోటు లేని పార్కుల్లో జనం పలచబడేది, హోటళ్లు రేటు తగ్గించేది కూడా ఈ రోజుల్లోనే.

ఎందుకంటే, జూన్ రెండో వారానికి బడులు తెరుస్తారు. పిల్లలున్న ఇళ్లు కదలవు. ముహూర్తాలు ఉండవు కాబట్టి పెళ్లిళ్ల పేరుతో జరిగే ప్రయాణాలూ ఉండవు. పైగా వానలు. సాధారణంగా జూన్ చివర్లో మొదలై జులై దాకా సాగే నెల ఇది. అధిక మాసం పడిన ఏడు ఇంకాస్త వెనక్కి జరుగుతుంది.

ఈ లెక్క చూసుకునే మేం రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాం. మేం అంటే అమ్మ, అక్క, నేను. పేరుకి అది సినిమా స్టూడియో. కానీ రైడ్లు, షోలు, సెట్లు, ఎర్ర బస్సులు అన్నీ కలిపి మనవాళ్లకి అది థీమ్ పార్కే. 1996లో మొదలైంది. 1,666 ఎకరాలు. ప్రపంచంలోనే అతిపెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. మాది సూర్యాపేట. హైదరాబాద్ వెళ్లిన ప్రతిసారీ బస్సు దాని ముందు నుంచే పోతుంది. అమ్మ ఇన్నేళ్లూ దాన్ని కిటికీలోంచే చూసింది.

ఆషాఢమే ఎందుకు?

అమ్మ బ్లౌజులు కుడుతుంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే రాత్రి పన్నెండు దాకా మిషన్ చప్పుడే. శ్రావణం మొదలైతే వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లు. మధ్యలో ఈ ఒక్క నెలే మిషన్ మీద గుడ్డ కప్పి ఉంటుంది. పండక్కి వెళ్దామంటే పని, వేసవిలో వెళ్దామంటే పని. పార్కుకి ఆఫ్‌సీజన్ ఎప్పుడో, అమ్మకీ అప్పుడే ఆఫ్‌సీజన్.

అక్కకి ఈ ఏడే పెళ్లయింది. మొదటి ఆషాఢమని పుట్టింటికి వచ్చింది. నెల కాగానే బావగారి దగ్గరికి పుణె వెళ్లిపోతుంది. ముగ్గురం ఇలా పని లేకుండా ఒకచోట ఉండటం మళ్లీ ఎప్పుడో తెలీదు.

నా దగ్గర ట్యూషన్లు చెప్పి దాచిన 9,000 ఉన్నాయి. విషయం చెప్పగానే అమ్మ కత్తెర కింద పెట్టింది.

"ఎందుకే బిడ్డా ఈ ఖర్చు? గా పైసలు కొత్త మిషన్‌కి దాస్తే పదేండ్లు పనికొస్తయి. ముసురుల పోయి ఏం జూస్తం?"

ఆమె మాటలో న్యాయం ఉంది. కాలితో తొక్కే మిషన్ మీద ఇన్నేళ్లు కూర్చుని మోకాళ్లు అరిగిపోయాయి. మోటార్ ఉన్న కొత్త మిషన్ కోసం చీటీ కడుతోంది. అందుకని ఒక ఒప్పందం చేసుకున్నాం. 9,000 దాటి ఒక్క రూపాయి ఖర్చు పెట్టం. మిగిలింది మొత్తం మిషన్ చీటీకే.

తేదీ ఎలా ఎంచాం?

ఆఫ్‌సీజన్‌లో కూడా అన్ని రోజులూ ఒకటి కాదు. ఆషాఢంలో హైదరాబాద్‌లో బోనాలు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, తర్వాత లాల్ దర్వాజ అంటూ ఆదివారాలు సందడిగా ఉంటాయి. బోనాల మర్నాడు సోమవారం తెలంగాణలో సెలవు కూడా ఇస్తారు. అంటే ఆ వారాంతం ఆఫ్‌సీజన్ కానట్టే. అందుకే మంగళవారం నుంచి గురువారం మధ్యలో చూసుకున్నాం. బుధవారం ఖాయం చేశాం.

టికెట్ రేట్లు, ఆఫర్లు మారుతుంటాయి కాబట్టి మీరు వెళ్లే వారానికి అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. ఒకే టికెట్‌ని రెండు మూడు తేదీలకి పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మాకు మూడు టికెట్లకే బడ్జెట్‌లో సగం పైన పోయింది. ఇక తగ్గించగలిగింది ప్రయాణం, బస, తిండి.

ప్రయాణం ఫ్రీ. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకి టికెట్ లేదు కదా. అక్క ఆధార్‌లో ఇంకా సూర్యాపేట అడ్రసే ఉంది. ముగ్గురికీ జీరో టికెట్లు కొట్టారు. తెలంగాణ అడ్రస్‌తో గుర్తింపు కార్డు ఉండాలి, సూపర్ లగ్జరీ లాంటివి ఎక్కితే వర్తించదు. ఈ రెండూ గుర్తుంచుకోండి.

బస దగ్గరే అసలు చర్చ

సూర్యాపేట నుంచి పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగి రావొచ్చు. వయసులో ఉన్నవాళ్లయితే అలాగే చేయాలి, లాడ్జి ఖర్చు మిగులుతుంది. కానీ మూడు గంటల బస్సు, రోజంతా నడక, మళ్లీ మూడు గంటల బస్సు అంటే అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. ఒక రాత్రి ఆగాలి. ఎక్కడ?

అక్క ఓటు లోపలి హోటల్‌కి. ఫిల్మ్ సిటీలోనే సితార, తార లాంటి హోటళ్లున్నాయి. సితార లగ్జరీ, తార దానికన్నా తక్కువ. గ్రూపులుగా వచ్చేవాళ్లకి సహారా ఉంది. బసతో పాటు టికెట్ కూడా కలిపిన ప్యాకేజీలుంటాయి. ఇద్దరు ముగ్గురు సంపాదించే ఇల్లయితే, రెండు రోజులు తీరిగ్గా చూడాలనుకుంటే ఆ ప్యాకేజీ కలిసొస్తుంది. మా 9,000కి అది సరిపడలేదు.

రెండోది ఎల్బీనగర్. మెట్రో ఎర్ర లైన్ చివరి స్టేషన్ అక్కడే. సిటీ చూడాలనుకునేవాళ్లకి, రైల్లో సికింద్రాబాద్ దిగి వచ్చేవాళ్లకి అది బాగుంటుంది. కానీ అక్కడి నుంచి ఫిల్మ్ సిటీకి సుమారు 20 కిలోమీటర్లు వెనక్కి రావాలి.

మూడోది హయత్‌నగర్. విజయవాడ హైవే మీదే, ఎల్బీనగర్‌కీ ఫిల్మ్ సిటీకీ మధ్యలో. సూర్యాపేట బస్సు దాని మీదుగానే పోతుంది. పొద్దున సిటీ బస్సు ఎక్కితే నేరుగా గేటు దగ్గర దింపుతుంది. ఆటో బేరాల్లేవు. ఇదే ఓకే అనుకున్నాం.

ముందు రోజు రాత్రా, చూసొచ్చిన రోజు రాత్రా? ఇది కూడా ఆలోచించాల్సిందే. మేం ముందు రాత్రే ఎంచుకున్నాం. బస్సు లేటయినా టికెట్ రోజు వృథా కాదు. అమ్మ నిద్ర లేచి నేరుగా గేటుకి వస్తుంది. సాయంత్రం బయటికి రాగానే అదే హైవే మీద మన ఊరి బస్సు దొరుకుతుంది, సిటీ లోపలికి వెళ్లక్కర్లేదు. సామాను ఒక్క బ్యాగే. విజయవాడ, ఖమ్మం వైపు నుంచి వచ్చేవాళ్లు ఎంజీబీఎస్ దాకా వెళ్లి వెనక్కి రావడం మానేస్తే గంటన్నరైనా మిగులుతుంది.

వానాకాలంలో లాడ్జి బుక్ చేసేటప్పుడు స్టార్లు చూసి మురిసిపోకండి. రివ్యూల్ని కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, జులై, ఆగస్టుల్లో రాసినవి చదవండి. గోడల చెమ్మ, దుప్పట్ల వాసన గురించి అప్పుడే రాస్తారు. తర్వాత ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. లిఫ్ట్ ఉందా? కరెంటు పోతే జనరేటర్ ఉందా? వేడి నీళ్లు ఏ టైముకి వస్తాయి? చెక్‌ఔట్ 24 గంటలకా, మధ్యాహ్నం 12కా? మేం అడిగిన మొదటి లాడ్జిలో లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు. రెండోదాంట్లో 1,300కి కింది అంతస్తులో రూము దొరికింది. "గదులు ఖాళీగానే ఉన్నయి కద అన్నా, కొంచెం చూడు" అని అక్క అడిగితే మూడో మనిషికి పరుపు ఊరికే వేశారు. ఆఫ్‌సీజన్‌లో అడిగితే పోయేదేం లేదు.

లాడ్జిలో గోరింటాకు

ఆ రాత్రి అమ్మ బ్యాగులోంచి ఒక డబ్బా తీసింది. రుబ్బిన గోరింటాకు! ఆషాఢంలో పెట్టుకోకుండా ఎలా అని ఇంటి నుంచే తెచ్చింది. దుప్పట్లకి అంటుతుందని నేల మీద పాత పేపర్లు పరిచి కూర్చున్నాం. అరగంటలో ఆరు చేతులూ నిండిపోయాయి. ఫోన్లు మోగుతున్నా ఎవరూ ఎత్తలేరు.

అప్పుడు చెప్పింది అమ్మ. ఆమె మిషన్ నేర్చుకుంది కూడా మొదటి ఆషాఢంలోనేనట. పెళ్లయి పుట్టింటికి వస్తే తోచక, పక్కింటి ఆవిడ దగ్గర కూర్చుని నెల రోజుల్లో నేర్చేసుకుందట. "ఏదో పొద్దుపోక నేర్చిన. గదే ఇల్లు నడిపింది" అంది. అక్క ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక "పుణెల నాకేం తోచట్లేదే అమ్మా" అంది. నెలంతా ఒకే ఇంట్లో ఉన్నాం, ఆ మాట అక్క నోట వినడం అదే మొదటిసారి. ఇంట్లో అయితే ఎవరో ఒకరు వంటింట్లోకి లేచి పోయేవాళ్లం.

లోపల ఎలా తిరిగాం?

తొమ్మిదికి గేటు దగ్గరున్నాం. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి హయత్‌నగర్‌లోనే ఇడ్లీ తినేసి వచ్చాం. లోపలికి వాళ్ల బస్సుల్లోనే తీసుకెళ్తారు.

వానల్లో వెళ్లేవాళ్లకి ఒక చిట్కా. ఆకాశం తెరిపిగా ఉండగానే ఆరుబయట చూసేవి ముగించేయాలి, పైకప్పు ఉన్నవాటిని మధ్యాహ్నానికి దాచుకోవాలి. మేం పొద్దున్నే ఎర్ర బస్సు ఎక్కేశాం. రైల్వే స్టేషన్ సెట్, ఎయిర్‌పోర్ట్ సెట్, మహాభారతం సెట్, బాహుబలి సెట్. వాన కడిగిన తోటలు. ఫొటో వెనకాల పది మంది అపరిచితులు లేరు. వేసవిలో వెళ్లొచ్చిన నా ఫ్రెండ్ మాహిష్మతి ముందు సెల్ఫీ కోసం చాలాసేపు ఆగిందట. మేం అమ్మని రాజమాతలా నిలబెట్టి తాపీగా తీసుకున్నాం.

రెండింటికి వాన అందుకుంది. ఆరుబయటి రైడ్లు కాసేపు ఆపేశారు. మేం మూవీ మ్యాజిక్‌లోకి వెళ్లి కూర్చున్నాం. అక్కడ ప్రేక్షకుల్లోంచే ఒకరిని పిలిచి, గుర్రబ్బండి సీన్ ఎలా తీస్తారో, దానికి చప్పుళ్లు ఎలా కలుపుతారో చేసి చూపిస్తారు. జనం తక్కువ కదా, అక్కకి ఛాన్స్ దొరికింది. కదలని బండి మీద కూర్చుని కొరడా ఝళిపిస్తుంటే, తెర మీద గుర్రాలు పరిగెత్తుతున్నట్టే ఉంది. అమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డ్యాన్స్ షోలో మాత్రం అమ్మ డ్యాన్స్ చూడలేదు. "ఆ ఘాగ్రాకి ఎన్ని కలీలు ఉంటయే? గింత తిరిగినా కుట్టు ఊడలే" అని లెక్కపెడుతూ కూర్చుంది. ప్రతి షోకీ మధ్యలో బెంచీ దొరికింది. అలసినప్పుడల్లా కూర్చుంది, వెనక నుంచి తోసేవాళ్లు లేరు. మోకాళ్లున్న మనిషికి ఆఫ్‌సీజన్ ఇచ్చే అసలు డిస్కౌంట్ ఇదే అనిపించింది.

పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి, చెప్పాలి. దసరా, న్యూఇయర్ రోజుల్లో సాయంత్రాలు కార్నివాల్, దీపాల అలంకరణ ఉంటాయి. మామూలు రోజుల్లో ఐదున్నరకల్లా ముగుస్తుంది. రాత్రి సందడే కావాలంటే సీజన్‌లోనే డబ్బు పెట్టి వెళ్లాలి. గొడుగు కన్నా రెయిన్‌కోటు మేలు, షూ కన్నా బెల్టు చెప్పులు మేలు.

లెక్క తేలింది

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. టికెట్లు, లాడ్జి, రెండు రోజుల తిండి, అక్క కొన్న ఒక కీచైన్ పోగా 870 మిగిలాయి. అమ్మ వాటిని రెండుసార్లు లెక్కపెట్టి చీటీ డబ్బుల్లో కలిపేసింది. కొత్త మిషన్‌కి ఇంకా చాలా కావాలి. శ్రావణం ఆర్డర్లు పాత మిషన్ మీదే మొదలయ్యాయి. అక్క పుణె వెళ్లింది. వెళ్లేముందు అమ్మ దగ్గర కూర్చుని బ్లౌజు కటింగ్ నేర్చుకుని, పాత బ్లౌజు ముక్క ఒకటి కొలతకి పట్టుకెళ్లింది.

ట్రిప్ ప్లాన్ చేసేటప్పుడు మనం ముందు మన సెలవులు చూసుకుంటాం, తర్వాత టికెట్ రేట్లు చూస్తాం. దానికన్నా ముందు ఇంకొకటి చూడండి. మీ ఇంట్లో ఎప్పుడూ పని చేసే మనిషికి తీరిక ఏ నెలలో దొరుకుతుంది? వ్యవసాయం చేసే నాన్నకి ఒక నెల, టిఫిన్ బండి నడిపే బాబాయికి ఇంకో నెల. ముందు వాళ్ల ఆఫ్‌సీజన్ కనుక్కోండి, తర్వాత ఆ నెలలో ఏ పార్కు ఖాళీగా ఉంటుందో వెతకండి.