స్పెయిన్‌లో ఎక్కడ తినాలి? పొన్నూరు హాస్టల్ నుంచి ఒక జవాబు

 

మేము పొన్నూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రూములో నలుగురం. ముగ్గురం యానాదులం, ఒకడు స్టువర్టుపురం ఎరుకల పిల్లాడు. మా నాలుగిళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పోయిన నెల ఇంగ్లీషు మేడం క్లాసులో చీటీలు తీయించారు. ఒక్కో బ్యాచ్‌కి ఒక్కో దేశం. ఆ దేశంలో ఊళ్ళు తిరిగేవాళ్ళు ఎక్కడ ఏం తినాలో పది నిమిషాలు చెప్పాలి. మాకు స్పెయిన్ వచ్చింది. నిడుబ్రోలు స్టేషన్లో రైలెక్కితే ఇటు తెనాలి, అటు బాపట్ల, తెనాలిలో మారితే రేపల్లె. మేము తిరిగిన లోకం అంతే. హోటల్ అంటే బస్టాండు పక్కన ప్లేటు ఇడ్లీ. అట్టాంటి మేము స్పెయిన్‌లో ఎక్కడ తినాలో చెప్పాలంట!

రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒకే ఫోను చుట్టూ కూర్చున్నాం. బార్సిలోనాలో బొకెరియా అని పెద్ద మార్కెట్, అక్కడే నిలబడి తినొచ్చు. మాడ్రిడ్‌లో ప్లాసా మయోర్ చుట్టుపక్కల రొట్టె మధ్యలో వేయించిన స్క్విడ్ ముక్కలు పెట్టి ఇస్తారు. మాలగాలో అయితే సముద్రం ఒడ్డునే పాత పడవలో ఇసక పోసి, దాంట్లో నిప్పు చేసి, చిన్న చేపల్ని పుల్లకి గుచ్చి కాలుస్తారు. మధ్యాహ్నం చాలా హోటళ్ళలో 'మెనూ డెల్ దియా' ఉంటుంది. ఒకే రేటుకి రెండు రకాల వంటకాలు, రొట్టె, తాగడానికి ఏదోటి, చివర తీపి. మన ఫుల్ మీల్స్‌కి చుట్టం. కాకపోతే మారు వడ్డించరు. అక్కడ మధ్యాహ్నం భోజనం రెండు దాటాకే, రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. మా హాస్టల్లో ఏడున్నరకే గంట కొడతారు.

ఆలివ్ నూనె, శనగలు, చిక్కుళ్ళు, ఆకుకూరలు, చేపలు. ఈ మధ్యధరా తిండిని 2010లో యునెస్కో మానవాళి వారసత్వాల్లో చేర్చింది. చూస్తే చాలా వరకు కష్టజీవుల తిండే.

ఆ తర్వాత వాలెన్సియా దగ్గరికొచ్చాం. ఊరికి దక్షిణాన అల్బుఫెరా అని పెద్ద మంచినీటి సరస్సు, చుట్టూ వరి మళ్ళు. ఫోటో చూస్తే మన డెల్టానే. పాయెయ్యా అనే పేరున్న వంటకం పుట్టింది ఆ ప్రాంతంలోనే. పొలంలో పనిచేసేవాళ్ళు వెడల్పాటి మూకుడులో బియ్యం, చిక్కుళ్ళు, కోడి, కుందేలు, ఒక్కోసారి నత్తలు వేసి వండుకునేవాళ్ళు. కింద ఇంకో మాట ఉంది. పాత రోజుల్లో ఆ మళ్ళల్లో తిరిగే నీటి ఎలుకని కూడా వేసేవాళ్ళంట.

చదవడం ఆపేశాం. ఎవ్వరం మాట్లాడలా.

ఎందుకో మీకు తెలుసు. మొదటి సంవత్సరంలో మా బెంచీ మీద ఎవరో సుద్దముక్కతో ఎలుక బొమ్మ గీశారు. గీసిందెవరో ఇప్పటికీ తెలీదు. మేము తడిగుడ్డతో తుడిచి కూర్చున్నాం. ఆ రోజు నుంచి ఇంటి తిండి గురించి ఎవరన్నా అడిగితే "పప్పు, చారు" అని చెప్పడం అలవాటైంది.

"ఇది చెప్పొద్దురా, మళ్ళీ మొదలవుద్ది" అన్నాడు మాలో ఒకడు. స్టువర్టుపురం వాడు ఒప్పుకోలా. "మా ఊరి పేరు చెప్తేనే జనం బ్యాగులు దగ్గరికి లాక్కుంటారు. నేను ఊరి పేరు మార్చుకున్నానా? చెప్దాం" అన్నాడు. అర్ధరాత్రి దాకా తగువు. చివరికి చెప్దామనే అనుకున్నాం.

క్లాసులో ఆ మాట రాగానే వెనక బెంచీల్లో నవ్వు. మేము ఆపలేదు. మా నాన్నలు వరి గట్ల మీద ఏం చేస్తారో కూడా చెప్పాం. మట్టికుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పు పెట్టి, కన్నానికి ఆనించి, వెనక బొక్కలోంచి నోటితో ఊదుతారు. పెదాలు కాలతాయి, కళ్ళు మండతాయి. పొగకి ఎలుక బయటికొస్తుంది. కన్నంలో అది దాచుకున్న వెన్నుల్ని అమ్మలు దులిపి చాటలో చెరుగుతారు. ఆ గింజలతో మేమూ పెరిగాం. రైతు చేను నిలవాలంటే ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి.

అప్పుడు ఒక రైతు కుటుంబం అబ్బాయి లేచి, "మా చేలో ఏటా వీళ్ళోళ్ళే పడతారు మేడం. ఈ ఏడు పిలవడం ఆలస్యమై గట్టు పక్కంతా ఎలుక కొట్టేసింది" అన్నాడు. ఇంకెవరూ నవ్వలేదు. మేడం మార్కులు వేసుకుని తర్వాత బ్యాచ్‌ని పిలిచారు. అంతే జరిగింది.

రాత్రి మాలో ఒకడు అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాడు. స్పీకరు పెట్టాడు. ఆమె ఎలుక సంగతి పట్టించుకోలా. "ఆ చెరువు ఎవరిదంటరా?" అని అడిగింది.

దానికి జవాబు ఉంది. 1250లో ఆరగాన్ రాజు మొదటి జైమే అక్కడి జాలర్లకి వేట హక్కు ఇచ్చాడు. ఎల్ పాల్మార్ అనే పల్లెలో జాలర్ల సంఘం ఇప్పటికీ ఉంది. సరస్సులో ఎవరు ఏ చోట వల కట్టాలో ఏటా చీటీలు తీసి పంచుకుంటారు. ఆ పల్లెలో ఇప్పుడు వరసగా హోటళ్ళే, ఊళ్ళు తిరిగేవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి తింటారు.

అమ్మ కాసేపు ఊరుకుంది. "మనకట్టా ఎవరూ కాయితం రాసివ్వలేదు నాయనా. చెరువు పాట పాడుకున్నోడు దిగనిస్తేనే మనకి చేప" అంది.

ఆ మాటతో మాకు ఒకటి తెలిసొచ్చింది. వాళ్ళూ మట్టలోంచి, నీళ్ళలోంచి ఏరుకునే తిన్నారు, మనమూ అంతే. నీళ్ళ మీద హక్కు వాళ్ళ చేతిలో మిగిలింది, ఆ తిండికి పేరొచ్చింది. మనకి హక్కు రాలేదు, తిండి తిట్టయింది. తప్పు తిండిలో లేదు.

కాబట్టి మనవాళ్ళు ఎవరన్నా ఎప్పటికన్నా స్పెయిన్ వెళ్తే మా సలహా ఇది. వాలెన్సియాలో దిగి ఎల్ పాల్మార్‌కి బస్సెక్కండి. మధ్యాహ్నం రెండింటికి పాయెయ్యా తినండి. ఆల్ ఇ పెబ్రే కూడా చెప్పండి, అది వెల్లుల్లి, మిరపపొడి వేసిన మలుగుపాము పులుసు, మన నోటికి కొత్త కాదు. తిన్నాక ఆ చీటీలు ఎట్టా తీస్తారో అడిగి తెలుసుకుని వచ్చి మాకు చెప్పండి.