కైవారం గుట్ట మీద గౌరి పువ్వు

పండగ సెలవు దొరికితే చిక్కబళ్లాపురంలో బస్సెక్కి చింతామణిలో అత్తగారింటికి పోవడం మాకు వాడుక. పోయినాక కైవారం పోకుండా వెనక్కి రాము. తాతయ్య గుడిలో దండం పెట్టుకొని, పిల్లల్ని గుట్ట ఎక్కిస్తాం. కైవారం తాతయ్య కన్నడ సీమలో ఉండి తెలుగులోనూ పాడినాయన కదా, ఆ మాట మనింటి మాటలాగే ఉంటుంది.

మొన్న గౌరి పండగకి పోతే బందారు పొదల నడుమ మంట లేచినట్టు పూలు. రేకులు పైకి తిరిగి, అంచులు వంకీలు వంకీలుగా, మొదట్లో పసుపు, కొసన ఎరుపు. ముదిరేకొద్దీ పువ్వంతా ఎరుపెక్కుతుంది. ఆకు కొసే నులితీగలా మెలిదిరిగి పక్క పొదను పట్టుకుంటుంది. మా అత్త దీన్ని అడవి నాభి అంటుంది, కన్నడం వాళ్లు గౌరి హూవు అంటారు. తమిళనాడుకి ఇదే రాష్ట్ర పుష్పం.

నేను పూలు చూస్తా ఉంటే మా చిన్నోడు పుల్లతో ఒక తీగ మొదలు తవ్వి గడ్డ బయటికి లాగాడు. "అమ్మా, గెనుసుగడ్డ!" అని నోటి దాకా తీసుకుపోయాడు.

"పారేయ్‌రా అబ్బీ! తింటే పానం పోతాది!" అని అత్త వాడి చేతి మీద ఒక్కటేసింది. సీసాలో నీళ్లన్నీ వాడి చేతులకే పోసింది. నాకు కాళ్లు వణికాయి.

గడ్డ, ఆకు, గింజ, అన్నింటిలో కోల్చిసిన్ అనే విషం ఉంది. గౌటు నొప్పులకి మందు కూడా అదే. గింజల కోసం తమిళనాట రైతులు ఈ తీగను పొలాల్లో పెంచుతారు. పొరపాటున తింటే వాంతులు, విరేచనాలు కొన్ని గంటలు ఆగి మొదలవుతాయి, కాబట్టి పిల్లోడు బాగానే ఉన్నాడే అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

భయం తగ్గినాక నాకు ఆశ పుట్టింది, గడ్డను తెచ్చి కుండీలో పెడదామని. (బుద్ధి చూడండి!) అత్త ఒప్పుకోలేదు. గడ్డ నాగలిలా రెండు కొమ్ములతో ఉంటుంది, సంస్కృతంలో లాంగలి అన్నది అందుకే. కొమ్ము కొసనే మొలక, అది విరిగితే ఆ కొమ్ము మొలవదు. మావాడి పుల్లకి ఒక కొస అప్పటికే పోయింది. గింజ వేసినా పువ్వు చూడడానికి 3, 4 ఏళ్లు పడుతుంది.

నీళ్లు నిలవని నేల, పాకడానికి ఒక పొద, తొలి వాన, ఇంతే దానికి కావాల్సింది. చలికాలానికి పైదంతా ఎండిపోతుంది, గడ్డ మాత్రం లోపల నిద్రపోతుంది. మా పుట్టింటి బాగేపల్లి వైపు ఎండాకాలంలో కంప కొట్టేవాళ్లు అక్కడ ఏమీ లేదనుకుంటారు. పొద పోతే తీగకి ఆసరా పోయినట్టే.

మిగిలిన కొమ్ముతోనే గడ్డను అదే పొద కింద పూడ్చి, గుర్తుకి రాయి పెట్టి వచ్చాం. మొలిచిందో లేదో వచ్చే గౌరి పండగకి పోయి చూడాలి.