ఎదురింటి అత్త మా ఇంటికి రావడం మానేసింది

పెద్ద పోస్టే, ఓపిక ఉంటేనే చదవండి. ఇందులో పార్టీల పేర్లు లేవు, కామెంట్లలో కూడా రాయొద్దని మనవి. ఇది మా తప్పు గురించి రాస్తున్నది.

మేము పన్నెండు మందిమి. చోవా చూ కాంగ్ పాత రోడ్డు వైపు ఒక డార్మిటరీలో ఒకే రూము. శ్రీకాకుళం వాళ్ళు, గోదావరి వాళ్ళు, ఇద్దరు పల్నాడు వాళ్ళు. లారీ దిగి, స్నానం చేసి, వంట అయ్యేసరికి రాత్రి తొమ్మిది. ఊళ్ళో అప్పటికి ఆరున్నర. ఇంటికి మాట్లాడేది పావుగంట, ఫోన్లో రాజకీయం గంటన్నర.

2024 మే 13న ఆంధ్రాలో పోలింగు. మాలో ఒక్కరం కూడా ఓటు వెయ్యలేదు. బయటి దేశాల్లో ఉన్నవాళ్ళు ఫారం 6ఏ పెట్టి పేరు నమోదు చేసుకోవచ్చు, కానీ ఓటు మాత్రం బూత్‌కి స్వయంగా వెళ్ళే వెయ్యాలి. టికెట్టు, పోయిన జీతం లెక్కేసుకుంటే మాలాంటి వాళ్ళకి కుదిరే పని కాదు. వెయ్యలేని ఓటు కసి అంతా ఫోన్లో తీర్చుకున్నాం.

ఆ రోజుల్లో ఏ గ్రూపు తెరిచినా ల్యాండ్ టైట్లింగ్ చట్టమే. "మీ పొలం కాగితాలు పోతాయి, కోర్టుకి కూడా వెళ్ళలేరు" అని ఒకవైపు. "అంతా అబద్ధం, భూమికి పక్కా హక్కు ఇచ్చే చట్టం" అని ఇంకోవైపు. రూములో సగం మంది ఇటు, సగం మంది అటు. చట్టం చదివినవాడు ఒక్కడూ లేడు. మా వెల్డర్ తమ్ముడికి ఊళ్ళో అమ్మ పేరు మీద ఎకరన్నర ఉంది. తనకి నచ్చిన వైపు వచ్చిన ఒక వాయిస్ మెసేజ్ అమ్మకి పంపాడు. అది ఏ వైపుదో ఇప్పుడు అనవసరం. ఆవిడ దాన్ని డ్వాక్రా మీటింగులో అందరికీ వినిపించింది. "మావాడు సింగపూర్‌లో ఉన్నాడు, తెలియకుండా పంపుతాడా?" అందట.

మేము వందల కామెంట్లు పెట్టాం, అవతలి పార్టీవాడు ఒక్కడు మారినట్టు చూడలేదు. కానీ సొంత అమ్మ మాత్రం అడగకుండానే నమ్మింది. మన మాటకి బలం వాదనలో లేదండీ, బంధంలో ఉంది. ఆ బలాన్ని నిజమో కాదో తెలియని దానికి వాడేశాం.

ఇంతకన్నా పెద్ద తప్పు పోలింగుకి రెండు రోజుల ముందు జరిగింది. ఒక పోస్టు కింద అవతలివాడు రెచ్చగొట్టాడు. వెల్డర్ తమ్ముడు టైపు చేస్తుంటే చుట్టూ కూర్చుని ఒకడు ఒక మాట అందించాడు, ఇంకొకడు దానికి ప్రాస కలిపాడు. అందరం పగలబడి నవ్వాం. ఆ మాటలు ఒక నాయకుడి ఇంటి ఆడవాళ్ళ గురించి. అతని అకౌంటు సొంత పేరుతోనే ఉంది. తెల్లారేసరికి స్క్రీన్‌షాట్ ఊరి గ్రూపులో పడింది.

వాళ్ళ ఎదురింటి అత్త కొడుకు ఆ పార్టీకి బూత్ ఏజెంటు. ఆ అత్తే వీళ్ళమ్మకి షుగర్ ఎక్కువైతే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి. గొడవేమీ చెయ్యలేదు. గుమ్మం తొక్కడం మానేసింది, అంతే.

ఆ రాత్రి అమ్మ ఫోను చేసింది. స్పీకర్లో ఉంది, అందరం విన్నాం. "నాయకుణ్ణి ఎన్నైనా అనుకో, నాకు తెలియదు. వాళ్ళింట్లో ఆడవాళ్ళు నిన్నేం చేశార్రా? మీ అక్కని ఎవరన్నా అలా అంటే?" కంచాల్లో అన్నం అలాగే ఉండిపోయింది.

పోలింగు రోజు పల్నాడులో, తాడిపత్రిలో కొట్టుకున్నారు. మా ఇద్దరు పల్నాడు వాళ్ళవి చెరో పార్టీ. ఇద్దరూ ఒకే మెట్టు మీద కూర్చుని ఇంటికి ఫోన్లు కలుపుతూనే ఉన్నారు. మా కామెంటు వల్ల కొట్టుకున్నారని అనడం లేదు. కానీ అక్కడ కర్ర పట్టుకున్నవాడి చెవిలో ఉన్న మాటలు, మేము నవ్వుతూ రాసిన మాటలు ఒకే రకం.

జూన్ 4న 2019లో 151 సీట్లు వచ్చిన పార్టీకి 11 వచ్చాయి. కూటమికి 164. జూలైలో కొత్త అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది. రూములో సగం మందికి పండగ, సగం మంది దుప్పటి కప్పుకున్నారు. ఎదురింటి అత్త మాత్రం రాలేదు.

మరుసటి ఏడాది 2025 మే 3న ఇక్కడ ఎన్నికలు. దీపస్తంభాలకి పోస్టర్లు కట్టారు. మా పర్మిట్లు చూసే శాఖ మంత్రి టాన్ సీ లెంగ్ గారే చోవా చూ కాంగ్ టీములో నిలబడ్డారు. మా బతుకు ఆయన శాఖ చేతిలోనే ఉంది, అయినా మేము ఒక్క లైకు కొట్టలేదు. విదేశీయులు ఆన్‌లైన్‌లో ఎన్నికల ప్రచారం చెయ్యకూడదని చట్టం. పొరుగు దేశం వాళ్ళ కొన్ని పోస్టులు ఇక్కడ కనపడకుండా ఆపించారు కూడా. పోలింగు ముందురోజు ప్రచారం బంద్, జనం ఆలోచించుకోడానికి. మన దగ్గరా 48 గంటల ముందే మైకులు ఆపుతారు, వాట్సాప్ ఆగదు.

ఇక్కడ మేము మర్యాదగా ఉన్నామని చెప్పుకోడానికి లేదు. పర్మిట్ పోతుందని నోరు మూసుకున్నాం. భయంతో మూసిన నోరు మర్యాద కాదు. ఇక్కడ తప్పు చేస్తే మేము పడతాం కాబట్టి జాగ్రత్త. అక్కడ మేము వాగితే పడేది అమ్మ. అందుకే అంత ధైర్యం.

వెల్డర్ తమ్ముడు కామెంటు తీసేశాడు, అత్తకి ఫోను చేశాడు. "తిన్నావా నాయనా" అని అడిగి పెట్టేసింది. మొన్న సెలవుకి వెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాడు. మంచినీళ్ళిచ్చింది, కాఫీ ఇచ్చింది. వీళ్ళ గుమ్మం మాత్రం ఇప్పటికీ తొక్కడం లేదు. అమ్మ ఆసుపత్రికి ఒక్కతే వెళుతోంది.

ఇప్పుడు రూములో రెండే రూల్సు. తెలియనిది ఇంటికి పంపకూడదు. అమ్మకి చదివి వినిపించలేని మాట రాయకూడదు. రాజకీయం మానలేదు, నిన్న రాత్రి కూడా పప్పు మాడిపోయేదాకా కొట్టుకున్నాం. పంచాయతీ ఎన్నికలు వస్తే ఇంకా ఎక్కువే కొట్టుకుంటాం. బూత్ దాకా వెళ్ళలేని వాళ్ళమండీ మేము. మా మాట మాత్రం వెళుతుంది, అది ఇంట్లోవాళ్ళు తలెత్తుకునేలా వెళ్ళాలి.

మీ రూముల్లో ఇలాంటిది జరిగితే రాయండి, తిట్టుకోకుండా మాట్లాడుకుందాం.