జీపు రేకు, రాత్రి జ్వరం

విజయవాడ ఆటోనగర్ పక్కన ప్రాక్టీసు చేసే ఒక డాక్టరమ్మ, జ్వరంతో వచ్చిన మనిషిని మలేరియా, డెంగీ పరీక్షలకు పంపేముందు ఒక ప్రశ్న వేస్తారు: "నిన్న ఏ రేకు మీద పనిచేశావు నాయనా?"

కొత్తవాళ్లకు ఆ ప్రశ్న వింతగా ఉంటుంది. ఆటోనగర్ మనుషులకు అలవాటే. 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జినీ వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడగాల్సిన వాటిలో "ఏం పని చేస్తావు" అన్నదాన్ని కూడా చేర్చమని తోటి వైద్యులకు చెప్పాడు. ఈ డాక్టరమ్మకు అది కూడా చాలదు. వెల్డరు అని తెలిస్తే సగమే తెలిసినట్టు. ఏ రేకు, దాని మీద ఏ పూత, ఏ వేళకు పని ఆపాడు, ఏ వేళకు బాధ మొదలైంది అన్నది తెలిస్తే తప్ప రోగం చిక్కదని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఎక్కువగా పాత జీపుల దగ్గర కుదిరింది.

పాత జీపుల మీద మన కుర్రాళ్లకు మోజు పెరిగింది. అది మంచి మోజే. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం ముగిశాక మహీంద్రా కంపెనీ బొంబాయిలో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టింది. తర్వాత సీజే-3బీ రకం దశాబ్దాల పాటు ఇక్కడే తయారైంది. కాలవ గట్ల మీద ఇంజనీర్లను, అడవుల్లో రేంజర్లను, ఎన్నికలప్పుడు మైకుల్ని మోసిన బండ్లు అవి. ఇప్పుడు ఏ తాతగారి గొడ్ల చావిడిలోనో, ఏ ఆఫీసు వెనక చెట్టు కిందో దొరుకుతున్నాయి. ఇంజను బాగుచేయడం తేలికే, విడిభాగాలు దొరుకుతాయి. అసలు పోరంతా రేకుతో.

జీపు ఎక్కడ తుప్పు పడుతుందో పాత టింకరింగ్ మేస్త్రీలు కళ్లు మూసుకుని చెబుతారు. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట, వెనక చక్రాల మీది టూల్‌బాక్సుల అడుగు, నేలరేకు కింద అడ్డంగా పోయే టోపీ ఆకారపు దూలాలు. యుద్ధకాలపు జీపుల్లో ఆ దూలాల లోపల చెక్క దూర్చేవారు. చెక్క తడిని పట్టి ఉంచితే రేకు లోపలి నుంచి తినుకుపోయేది. ఇనుము తుప్పుగా మారితే రెట్టింపు కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రెండు రేకులు కలిసిన చోట అతుకు ఉబ్బి విచ్చుకుంటుంది. పైన రంగు మీద చిన్న బుడగ కనిపిస్తే కింద అరచేతంత చోటు పోయి ఉంటుంది. మంచి మేస్త్రీ స్క్రూడ్రైవరుతో పొడుస్తూ పోయి, గట్టి రేకు తగిలేదాకా కోసేసి, అదే మందం ముక్కను అంచుకు అంచు పెట్టి అతుకుతాడు. జీపు రేకు మిల్లీమీటరు మీద కొంచెం. ఒకేచోట వేడి పెడితే మెలి తిరుగుతుంది కాబట్టి ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వేస్తూ చల్లారనిస్తాడు. తుప్పు మీదే ముక్క అంటించి లప్పంతో మూసేవాళ్లూ ఉన్నారు. అది రెండు వానాకాలాలు కూడా నిలవదు.

ఇక్కడే మొదటి రోగి వస్తాడు. ఉద్యోగం ఆఫీసులో, మనసు జీపు మీద ఉన్న కుర్రాడు. ఆదివారాలు ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంతంగా వెల్డింగు చేస్తున్నాడు. ఆదివారం రాత్రి వణుకుతో జ్వరం, ఒళ్లు నొప్పులు, దప్పిక, నోట్లో ఏదో లోహం నాకినట్టు రుచి. మంగళవారానికి మామూలు మనిషి. మళ్లీ ఆదివారం అదే వరస. మలేరియా లేదు, డెంగీ లేదు. తెల్లకణాలు మాత్రం పెరిగి ఉన్నాయి. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఇంట్లోవాళ్లు దిష్టి కూడా తీశారట.

"కొత్త నేలరేకు ఏది వేశావు?" అని అడిగారు డాక్టరమ్మ.

"జీఐ షీట్ మేడమ్. మళ్లీ తుప్పు పట్టకూడదని."

జీఐ షీట్ అంటే ఇనుము మీద జింకు పూత. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీలు దాటాలి. అంటే అతుకు పడేలోపే అక్కడి జింకంతా ఆవిరై, గాలి తగిలి తెల్లటి పొగగా మారి, వంగి చూస్తున్న మనిషి ముక్కులోకి పోతుంది. ఊపిరితిత్తులు దానికి ఎదురు తిరిగి, నాలుగు గంటల నుంచి పన్నెండు గంటల లోపు జ్వరం తెస్తాయి. వైద్యులు దీన్ని లోహపు పొగ జ్వరం అంటారు. ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. మందు అవసరం లేదు, విశ్రాంతి చాలు.

ఈ జ్వరానికి ఒక విచిత్రమైన గుణం ఉంది. వరసగా రోజూ పొగ పీల్చేవాళ్లకు రెండో రోజు నుంచి శరీరం అలవాటు పడి జ్వరం రాదు. సెలవు ఇస్తే ఆ అలవాటు పోతుంది. అందుకే షెడ్లలో ఇది సోమవారం జ్వరం. వారానికి ఒక్కరోజే వెల్డింగు హోల్డరు పట్టే కుర్రాడికి మాత్రం అలవాటయ్యే వీలే లేదు కాబట్టి ప్రతి ఆదివారమూ వచ్చింది. ఆ వేళల లెక్కే రోగాన్ని పట్టించింది. అతుకు పడే చోట రెండు వైపులా రెండంగుళాల మేర పూతను ముందే తీసేయమని, పొగకు పనికొచ్చే మాస్కు వాడమని, ఫ్యాను తన వెనక కాకుండా పక్కన పెట్టుకోమని ఆమె చెప్పారు. జీపు పని ఆపమని చెప్పలేదు.

వెల్డింగు ముందు గ్లాసు పాలు తాగితే పొగ అంటదని, దుమ్ము పనయ్యాక బెల్లం తింటే ఛాతీ శుభ్రమవుతుందని ఆటోనగర్‌లో గట్టి నమ్మకం. పాలూ బెల్లమూ కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి. ఈ మాట చెప్పినందుకు ఎవరైనా నొచ్చుకున్నా ఆమె చెప్పక మానరు, ఎందుకంటే పాలు తాగిన ధైర్యంతో మాస్కు తీసేసినవాళ్లను ఆమె చూశారు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పాత మిలటరీ బండ్ల బోల్టులకు జింకు బదులు కాడ్మియం పూత ఉండవచ్చు. తుప్పుపట్టి రాని బోల్టును గ్యాసుతో ఎర్రగా కాల్చి ఊడదీయడం షెడ్లలో మామూలు. ఆ పొగ వల్ల వచ్చే జ్వరం మొదటిరోజు అచ్చం జింకు జ్వరంలాగే ఉండి, రెండో రోజుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి పొగ జ్వరంతో వచ్చిన మనిషికి ఆయాసం ఉంటే ఆమె ఇంటికి పంపరు.

కంటి బాధలు కూడా రాత్రిళ్లే వస్తాయి. అద్దం లేకుండా వెల్డింగు చూసినవాడికి ఆరేడు గంటల తర్వాత, సరిగ్గా నిద్రవేళకు, కళ్లలో ఇసుక పోసినట్టవుతుంది. చనుబాలు వేయించుకునేవాళ్లున్నారు, మందుల షాపులో మత్తు చుక్కలు కొనుక్కునేవాళ్లున్నారు. మత్తు చుక్కలు పదేపదే వేస్తే నల్లగుడ్డు మీది పొర మానకుండా పుండు పడుతుంది. గ్రైండరు రవ్వ సంగతి వేరు. గుడ్డు మీద గుచ్చుకున్న ఇనుప రవ్వ కన్నీటి తడిలో గంటల్లోనే తుప్పు పడుతుంది. రవ్వ తీసినా దాని చుట్టూ గోధుమరంగు వలయం మిగులుతుంది. ఆ వలయాన్ని కంటి డాక్టరు సూక్ష్మదర్శిని కింద గీకి తీయాలి, తోటి కార్మికుడు రుమాలు కొనతో కాదు. సుత్తి, ఉలి దెబ్బకు ఎగిరిన ముక్క గుడ్డును చీల్చుకుని లోపలికి పోతే నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. ఇనుము లోపలే కరిగి నెలల మీద చూపును తినేస్తుంది. అందుకే నడుంనొప్పితో ఎంఆర్ఐకి వెళ్లబోతున్న ప్రతి టింకరుకూ ఆమె ముందు కళ్ల ఎక్స్‌రే రాస్తారు. కంట్లో ఎన్నడో మిగిలిన ఇనుప తునక ఆ అయస్కాంతానికి కదిలి లోపల రక్తస్రావమైన రేకు పనివాడి కథ 1980లలోనే వైద్య పత్రికల్లో నమోదైంది.

తుప్పు గీరుకుంటే ధనుర్వాతం వస్తుందన్న భయం అందరికీ ఉంది. తుప్పులో ఆ గుణమేమీ లేదు. ధనుర్వాతపు సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి బతుకుతుంది, గాలి తగలని లోతు గాయంలో పెరుగుతుంది. గొడ్ల చావిడిలో పదేళ్లు పడున్న జీపు నేలరేకు అంచు కాలిలో దిగితే అన్నీ అక్కడే ఉన్నట్టు. అలాంటి మురికి గాయానికి చివరి టీకా వేసి ఐదేళ్లు దాటితే ఇంకోటి వేయించుకోవాలి. ప్రతి చిన్న గీతకూ పరుగెత్తి సూది వేయించుకోవడం అక్కర్లేదు.

డాక్టరమ్మను ఎక్కువగా కలచివేసిన రోగి పెయింటరు. నడివయసు మనిషి, ఆటోనగర్‌లో స్ప్రే గన్ను పట్టడంలో మంచి పనితనం గలవాడని పేరు. రేకు పని అయిపోయి, ప్రైమరు కొట్టి, పాత జీపుకు మళ్లీ ఆకుపచ్చ రంగు తెచ్చేది అతనే. రాత్రి రెండింటికి దగ్గుతో లేచి కూర్చుంటాడు. టీబీ అనుకుని కళ్లె పరీక్ష చేయించుకున్నాడు, ఏమీ లేదు. ఏదో సిరప్పు తాగుతూ ఏడాది గడిపాడు. సంక్రాంతికి ఊరెళ్లి వారం ఉంటే దగ్గు మాయం. తిరిగొచ్చిన రెండో రోజుకు మళ్లీ పట్టుకుంది. "ఊరి గాలి మంచిది కదమ్మా" అన్నాడతను.

ఊరి గాలి కాదు, షెడ్డు గాలి. ఇప్పటి బండి రంగుల్లో కలిపే హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌ను బలిగొన్న మిథైల్ ఐసోసయనేటు ఈ కుటుంబానిదే. హార్డెనరులో ఉండేది వేరే రకం, డబ్బాలో ఊరికే ఉన్నప్పుడు అంతగా లేవదు. గన్నుతో కొట్టినప్పుడు మాత్రం సన్నని తుంపరై ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. కొందరి శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి గుర్తుపెట్టుకుందా, ఆ తర్వాత పక్క షెడ్డులో ఎవరో కొట్టిన రంగు చాలు ఉబ్బసం రావడానికి. పొద్దున రంగు కొడితే రాత్రి దగ్గు వస్తుంది కాబట్టి రంగుకూ దగ్గుకూ ముడిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆమె అతని చేతికి ఊదే గొట్టం ఒకటిచ్చి, పనిరోజుల్లోనూ సెలవురోజుల్లోనూ రోజుకు నాలుగైదుసార్లు ఊది అంకెలు రాసుకోమన్నారు. కాగితం చూస్తే చదువురానివాళ్లకైనా అర్థమవుతుంది, పనిరోజుల సాయంత్రాలు అంకెలు పడిపోయాయి, సెలవుల్లో పైకి లేచాయి.

ఇన్‌హేలరు రాసివ్వడం తేలిక. పాతికేళ్ల పనితనం ఉన్న మనిషితో "ఇక గన్ను పట్టొద్దు" అనడం కష్టం. అతను చాలాసేపు మాట్లాడలేదట. రుమాలు కట్టుకుంటాను, డబుల్ మాస్కు వేసుకుంటాను అని బేరమాడాడు. గుడ్డ ఆ తుంపరను ఆపదు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు ఇంకా జబ్బు పడని పెయింటరుకు రక్షణ, జబ్బు ముదిరినవాడికి అది కూడా పూర్తి భరోసా కాదు. ఇప్పుడతను ఆటోనగర్‌కు దూరంగా బండ్ల వైరింగు చేస్తున్నాడు. దగ్గు చాలావరకు తగ్గింది. సంపాదన తగ్గింది కూడా.

ఇంకో కేసులో షెడ్డు మొహం ఎరగని రెండేళ్ల పాప రోగి. రక్తహీనత, ఆకలి లేదు, తరచూ కడుపునొప్పి. ఐరన్ టానిక్కులు పనిచేయలేదు. తండ్రి ఏం చేస్తాడని అడిగితే పాత బండ్ల రంగు వైరుబ్రష్షు చక్రంతో గీకే పని అని తల్లి చెప్పింది. పాత ఎర్ర ప్రైమర్లలో కొన్ని సీసపు సింధూరంతో చేసినవి, ఇప్పటి రెడ్ ఆక్సైడుకూ వాటికీ చూపులో తేడా తెలియకపోవచ్చు. ఆ దుమ్ముతోనే చొక్కా ఇంటికొస్తుంది, తండ్రి పాపను ఎత్తుకుంటాడు. రక్తంలో సీసం పరీక్ష అనుమానాన్ని నిజం చేసింది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసానికి మన దేశం 2016 నిబంధనలతో 90 పీపీఎం హద్దు పెట్టింది. కానీ పాత జీపు మీది రంగు ఆ నిబంధన పుట్టకముందుది. తండ్రి షెడ్డులోనే స్నానం చేసి బట్టలు మార్చుకోవడం, రంగును తడిపి గీకడం మొదలుపెట్టాక నెలల మీద పాప రక్తంలో సీసం దిగింది.

1948 ఫ్యాక్టరీల చట్టం సీసపు విషాన్ని, ఇసుక దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌ను వైద్యులు ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితాలో పెట్టింది. ఆ చట్టం లెక్కలో కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు, ఒక పెయింటరు ఉన్న షెడ్డు ఏ లెక్కలోకీ రాలేదు. అక్కడ జబ్బుపడ్డవాళ్ల సంఖ్య ఏ కాగితం మీదా లేదు. ఇది అన్యాయం అని ఆమె ప్రతి వైద్యుల సమావేశంలోనూ చెబుతారు.

అంతకన్నా దగ్గర దారి ఒకటి ఆమె ఎంచుకున్నారు. జీపు యజమానులు తమ బీపీ, షుగరు చూపించుకోవడానికి ఆమె దగ్గరికే వస్తారు. వాళ్లను ఎస్టిమేటు కాగితం తీసుకురమ్మంటారు. నేలరేకు, ట్యాంకు గుంట, ప్రైమరు, రంగు, కూలి అని రాసి ఉన్నచోట ఆమె తన పెన్నుతో కింద మూడు వరసలు చేరుస్తారు. వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టే కూలి, ఎందుకంటే ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలుతుంది. గ్రైండరు పట్టే ఇద్దరికీ కళ్లజోళ్లు. పెయింటరుకు గాలిగొట్టం మాస్కు అద్దె. కొందరు నవ్వి ఊరుకున్నారు. సీజే-3బీ బాగుచేయిస్తున్న ఒక రిటైర్డు ఇంజనీరు మాత్రం ఆ మూడు వరసలకూ డబ్బు కట్టి, మాస్కును అద్దెకు కాకుండా కొని, జీపు తీసుకెళ్లేటప్పుడు షెడ్డులోనే వదిలేసి వెళ్లారు.