రిపోర్టులో లేని నంబర్

గుడివాడలో బందరు బస్సెక్కి కూర్చున్నానో లేదో ఫోన్ టింగుమంది. ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్. లిపిడ్ ప్రొఫైల్. మొదటి లైన్ చూశా: టోటల్ కొలెస్ట్రాల్ 186. రెండొందల లోపే! హమ్మయ్య అనుకుని ఫోన్ జేబులో పెట్టేశా. కింద రెండు నంబర్లు బోల్డ్‌లో ఉన్నా పట్టించుకోలేదు.

సాయంత్రం అమ్మకి గొప్పగా చెప్పా. "టోటలు మీ నాన్నకీ బానే ఉందన్నార్రా" అంది. ఇంకేం మాట్లాడలేదు.

అప్పట్లో మేం దివిసీమలో, కోడూరు దగ్గర ఉండేవాళ్లం. ఓ రాత్రి నాన్న ఛాతీలో మంటగా ఉందన్నాడు. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి లేడు.

మర్నాడు ఆఫీసు అయ్యాక బందరులోనే ఓ డాక్టరుగారి దగ్గరికెళ్లా. ఆయన టోటల్ వైపు చూడనే లేదు. బోల్డ్‌లో ఉన్న రెండింటికీ పెన్నుతో సున్నా చుట్టారు. హెచ్‌డీఎల్ 32. మగవాళ్లకి 40, ఆడవాళ్లకి 50 కన్నా తగ్గకూడదట. ట్రైగ్లిజరైడ్స్ 240. అవి 150 లోపుండాలి.

"మంచి కొలెస్ట్రాల్ తక్కువుంది కాబట్టే నీ టోటల్ తక్కువగా కనపడుతోంది బాబూ. 186లోంచి ఈ 32 తీసెయ్. 154. రక్తనాళాల్లో పేరుకునే రకం మొత్తం ఇదే. 130 లోపుంటే మంచిది."

"నెయ్యి మానేశానండీ" అన్నా.

"మరి అన్నం?"

దొరికిపోయా. రెండు పూటలా కంచం నిండా అన్నం, మధ్యలో చక్కెర టీలు, ఆదివారమైతే బందరు లడ్డు. రోజుకి ఎనిమిది గంటలు కుర్చీలోనే. అవసరానికి మించిన పిండిపదార్థాన్నీ చక్కెరనీ లివరు ట్రైగ్లిజరైడ్స్‌గా మార్చేస్తుందట. మా తాతలూ ఇంతే అన్నం తిన్నారు. కాకపోతే తిన్నది చేలో కరిగించారు.

"ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు?"

"నాన్నకండి. 49 ఏళ్లకే."

ఆయన పెన్ను ఆగింది. రిపోర్టు పైన ఓ మూల 49 అని రాసి కింద గీత గీశారు. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెజబ్బు వస్తే మన రిస్క్ లెక్కే మారిపోతుందట. ఆ నంబర్ ల్యాబ్ రిపోర్టులో ఉండదు. డాక్టరుకి మనమే చెప్పాలి.

బీపీ చూసి, షుగరు, థైరాయిడ్ పరీక్షలు రాశారు. అన్నం సగానికి తగ్గించి ఆ జాగాలో కూర, పప్పు, చేపల పులుసు పెంచమన్నారు. వేపుళ్లు కాదు. రోజూ అరగంట గట్టిగా నడవాలి. మూడు నెలలకి మళ్లీ పరీక్ష. మందు సంగతి అప్పుడు చూద్దామన్నారు. లేచి వస్తుంటే ఇంకో మాట చెప్పారు. "ఛాతీ బరువెక్కినా, చెమటలు పట్టినా, దవడో చెయ్యో లాగినా సోడా కాదు, 108."

బస్సులో కూర్చుని హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశా. వాడికి 36. ఇంతవరకూ ఒక్క పరీక్షా చేయించుకోలేదు.

"నీ టోటల్ ఎంతొచ్చిందిరా?" అన్నాడు.

"అది తర్వాత చెప్తా గానీ, నాన్న పోయినప్పుడు ఆయనకెన్నేళ్లో గుర్తుందా?"

కాసేపు అవతల్నుంచి మాట రాలేదు. తర్వాత, "పరీక్షకి పరగడుపునే వెళ్లాలా?" అన్నాడు.