పసుపు, ఎండ, తుత్తునాగం

మా మేళ్లచెరువులో ఎండాకాలం వచ్చిందంటే బండలు పెనాల్లా కాలుతాయి. అయినా పొలాలకూ, సున్నపురాయి గనులకూ పోయేవారు పోతూనే ఉంటారు. మా చిన్నమ్మ మిరప తోటలో కాయలు ఏరుతుంది. పట్నంలో ఉండే నా చెల్లెలు ఒకసారి ఆమెకు ఎండకు పూసుకునే క్రీము తెచ్చి ఇచ్చింది. చిన్నమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికింత డబ్బెందుకురా? ముఖానికి ఇంత పసుపు రాసుకుంటే చాలదా?" అని నన్ను అడిగింది.

మంచి ప్రశ్నే! జవాబు చిన్నమ్మ ఇంటి దండెం మీదే ఉంది. పసుపు మరక పడ్డ బట్టను ఎండలో ఆరేస్తే ఏమవుతుంది? మరక వెలిసిపోతుంది. ఎండకు తానే నిలవలేని పసుపు మనల్ని ఎలా కాపాడుతుంది?

పిల్లలూ! చర్మాన్ని కాల్చేవి కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు. వీటిని 1801లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రిట్టర్ కనుగొన్నాడు. వీటిని ఆపే గుణం తుత్తునాగానికి, అంటే జింకుకు, సంబంధించిన జింక్ ఆక్సైడ్‌లో ఉంది. చెమటకాయలకు పూసే కాలమైన్ లోషన్‌లో ఉండేదీ ఇదే. కాని దీన్ని ముఖానికి పూస్తే విభూతి పూసుకున్నట్టు తెల్లగా కనిపిస్తుంది. అందుకని శాస్త్రజ్ఞులు దీన్ని 100 నానోమీటర్ల కన్నా చిన్న రేణువులుగా చేశారు. నానోమీటరు అంటే మీటరులో 100 కోట్లవ వంతు. ఇంత చిన్న రేణువులు మామూలు వెలుగును పోనిస్తాయి, అతినీలలోహిత కిరణాలను మాత్రం మింగేస్తాయి. అందుకే తెల్లదనం తగ్గుతుంది, కాపుదల ఉంటుంది.

మరి ఆకుల పని ఏమిటి? కలబంద, వేప వంటి మొక్కల రసంలో జింకు లవణం కలిపి వేడి చేసి ఈ రేణువులను తయారు చేసే పద్ధతి ఉంది. రసంలోని పదార్థాలు రేణువులను ఒకదానికొకటి అంటుకుని ముద్ద కాకుండా పట్టి ఉంచుతాయి. కొన్ని మొక్కల రసాలు ఎండ వల్ల చర్మానికి కలిగే హానిని కొంత తగ్గిస్తాయి. అయితే ఒక్క ఆకురసమే క్రీము పని చెయ్యలేదు. ఇంత సన్నని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. కనుక ఇంట్లో తయారు చెయ్యబోకండి.

ఇదంతా విని చిన్నమ్మ, "అయితే ఇది పూసుకుంటే వడదెబ్బ తగలదా?" అంది. అక్కడే అందరూ జాగ్రత్తగా ఉండాలి. క్రీము కిరణాలను ఆపుతుంది గాని వేడిని ఆపదు. చెమటకు కారిపోతుంది గనక రెండేసి గంటలకు మళ్లీ పూసుకోవాలి.

చీర మీద తొడుక్కునే పొడుగు చేతుల చొక్కా, తల మీది తువ్వాలు చిన్నమ్మకు ఎప్పటి నుంచో ఉన్న కాపుదల. వాటికి ఖర్చు తక్కువ, అవి కారిపోవు. వాటితో కప్పలేని ముఖానికీ, చేతులకూ క్రీము మంచిదే. కాని వడదెబ్బ నుంచి కాపాడేవి నీళ్లు, నీడ, మిట్టమధ్యాహ్నం విశ్రాంతి. ఇవి పనిచేసే ప్రతివారికీ దొరికేటట్లు చూడటం పెద్దల బాధ్యత.