చల్లటి బానెట్

మూడు నెలలుగా నా చొక్కా జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంటోంది. ఫ్రిజ్ తలుపుకు అంటించే రకం. రంగు గీసుకుపోకుండా దాని చుట్టూ మెత్తటి గుడ్డ చుట్టి దారంతో కట్టాను. పాత కారు చూడ్డానికి వెళ్లినప్పుడు చక్రాల పైనా, తలుపుల అడుగునా దీన్ని ఆనిస్తాను. ఇనుప రేకు ఉన్నచోట పట్టుకుంటుంది. తుప్పు తిన్నచోట పుట్టీ నింపి రంగు కొట్టి ఉంటే జారి చేతిలో పడుతుంది.

నేను కొనాలనుకుంటున్నది మెర్సిడెస్ ఈ220. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని డబ్ల్యూ124 అంటారు. 1995లో పుణేలోని టెల్కో ప్లాంటు నుంచి ఆ కంపెనీ మన దేశంలో విడుదల చేసిన మొదటి కారు ఇదే. నేను దాన్ని మొదటిసారి చూసింది చదువుకునే రోజుల్లో, హిమాయత్‌నగర్ సిగ్నల్ దగ్గర, జోరు వానలో. బస్సు కోసం చూరు కింద నిలబడి ఉన్నాను. ముందు అద్దం మీద ఒకే ఒక్క వైపర్. అది పక్కకు వాలేటప్పుడు చెయ్యి చాచినట్టు పొడుగై మూలదాకా వెళ్లేది, నడిమికి రాగానే పొట్టిదై వెనక్కి తగ్గేది. ఆ వైపర్ అద్దంలో 86 శాతం తుడుస్తుందనీ, దాని మొదలు దగ్గర ఉన్న గేర్లే దాన్ని అలా ముందుకు తోసి వెనక్కి లాగుతాయనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. వాన నీళ్లు తుడవడానికి ఇంత ఆలోచించినవాళ్లు తక్కిన కారును ఎలా చేసి ఉంటారన్న కుతూహలం మాత్రం ఆ రోజే పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

చేతిలో డబ్బు సమకూరగానే వెళ్లి కొనేసే వస్తువు కాదిది. ముందు ఓ మెకానిక్ దొరకాలి. నాకు దొరికిన పెద్దాయన ఈ కార్లు కొత్తగా ఉన్నప్పటి నుంచీ వాటి కింద పడుకుని పనిచేసినవాడు. ఇంజన్ గురించి అడగబోతే ఆపేశాడు.

"ముందు ఏసీ వేసి చూడండి సార్. అది చల్లగా రాకపోతే వేరే కారు వెతుక్కోండి."

కారణం తర్వాత చెప్పాడు. ఈ కారులో కూలింగ్ కాయిల్ లీకైతే దాన్ని తియ్యడానికి డాష్‌బోర్డు మొత్తం ఊడదియ్యాలి. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ కదా, విప్పేటప్పుడు ఏది విరుగుతుందో తెలీదు. ఆయన దగ్గర నేర్చుకున్న రెండో సంగతి వైరింగ్. 90ల మొదటి సగంలో ఈ కంపెనీ తయారుచేసిన చాలా ఇంజన్లలో వైర్ల మీది తొడుగు వేడికి పెళుసెక్కి పొడిగా రాలిపోతుంది. వైరును వేళ్ల మధ్య మెల్లగా వంచి చూడమన్నాడు. ఇక 2,199 సీసీల ఇంజన్ అంటారా, ఆయిల్ వేళకు మార్చినవాడి చేతిలో ఉంటే దానికి బెంగ లేదన్నాడు.

మొదట చూసిన కారు ఒక డీలర్ దగ్గర. తెల్లగా ధగధగలాడుతోంది. టైర్లకు పాలిష్, సీట్లకు కొత్త కవర్లు. నేను వెళ్లేసరికే ఇంజన్ నడుస్తోంది. బానెట్ మీద చెయ్యి వేస్తే వేడిగా తగిలింది. చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే దాని జబ్బులు బయటపడతాయి. పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. వేడెక్కాక ఆ జబ్బులు చాలావరకు దాగిపోతాయి. వెనక చక్రం పైన అయస్కాంతం రెండుసార్లు జారింది. తలుపుల కిందిసగాన్ని కప్పే ప్లాస్టిక్ పలకల వెనక ఏముందో చూడనివ్వలేదు. నిజానికి తుప్పు మొదలయ్యేది అక్కడా, జాకీ పెట్టేచోటా.

కాగితాలు చూడ్డం నాకు బాగా నచ్చిన పని. 1996లో రిజిస్టరైన కారు ఆర్సీ 2011 దాకా నడుస్తుంది, అక్కణ్నించి ఐదేళ్లకోసారి రెన్యూవల్. ప్రతిసారీ బండిని ఆర్టీవో ఆఫీసుకు తీసుకెళ్లి చూపించి ఉంటే, ఎవరో దాన్ని వదిలెయ్యలేదన్నమాట. బ్యాంకు అప్పు ఎప్పుడో తీరినా ఆర్సీలో ఆ బ్యాంకు పేరు కొట్టేయించుకోనివాళ్లు ఎందరో. ఛాసిస్ నంబరు మీద తెల్ల కాగితం ఉంచి పెన్సిల్ రుద్దితే అచ్చు పడుతుంది. ఆ అచ్చులోని అంకెలను ఆర్సీతో ఒక్కొక్కటిగా పోల్చుకోవాలి. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి బళ్లు ఎన్‌ఓసీతో మనవైపు చవగ్గా వస్తున్నాయి. ఇక్కడ కట్టే లైఫ్ ట్యాక్స్, ఆఫీసుల చుట్టూ తిరుగుళ్లు కలుపుకుంటే ఆ చవక ఎంతో మిగలదు. నాకైతే ఏపీ 09 నంబరున్న హైదరాబాద్ కారే కావాలి.

అలాంటిది పోయిన నెలలో కనిపించింది. యజమాని రిటైరైన ఇంజనీరు. పైరంగు వెలిసింది, డ్రైవరు సీటు ఓ పక్కకు కుంగింది. కానీ ఏసీ చల్లగా వచ్చింది, వైరు వంచినా పొడి రాల్లేదు, అయస్కాంతం ఎక్కడా జారలేదు. ఆయన లోపలికి వెళ్లి అట్ట ఫైలు తెచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ల బిల్లులు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, పక్కన చిన్న అక్షరాలతో ఆయన రాసుకున్న మాటలు: ఎడమ వెనక బుష్ శబ్దం, వాన తర్వాత డిక్కీలో తడి. ఆ తడి ఎక్కణ్నించి వస్తోందో వెతికి రబ్బరు మార్పించిన బిల్లు రెండు కాగితాల కిందే ఉంది. ఒక మనిషి ఒక యంత్రాన్ని ఇంత శ్రద్ధగా వినడం చూస్తే నాకు గొంతు పట్టేసింది. ఇలాంటి కారుకు మనం ఇచ్చే ధరలో సింహభాగం ఆ ఫైలుకే చెల్లుతుందని నా నమ్మకం.

ఆయన ధర మాట ఎత్తలేదు. "కారెక్కడ పెడతావు బాబూ?" అన్నారు.

పోర్టికోలో అన్నాను.

"పట్టుద్దా? కొలిచావా?"

కొలవలేదు. ఇన్నాళ్లూ ఎన్ని కార్లను తడిమి చూశానో, మా ఇంటిని మాత్రం ఆ కారు వైపు నుంచి చూడలేదు. ఎవరు నడుపుతారు, వారానికి ఎన్నిసార్లు బయటికి తీస్తావు, నీకు మెకానిక్ ఎవరు అని ఆయన వరుసగా అడిగారు. పెద్దాయన పేరు చెప్పగానే తలూపి, ఫైల్లో ఒక బిల్లు తీసి చూపించారు. 2003 నాటిది. కింద ఆ పెద్దాయన సంతకమే.

ఇంటికొచ్చి టేపు పట్టుకుని పోర్టికోలో కూర్చున్నాను. కారు పొడవు 4.74 మీటర్లు, వెడల్పు 1.74. పొడవుకు ఢోకా లేదు. వెడల్పులో తలుపు తెరుచుకోవాలంటే గోడవారన ఉన్న పాత రుబ్బురోలు కదపాలి. అది అమ్మది. అడిగితే, "పెరట్లో జామచెట్టు కింద పెట్టించరా, అక్కడైతే నీడ" అంది. నలుగురు పట్టి నిన్ననే జరిపాం. కొనే ధర కాక, మొదటి ఏడాది బుష్‌లకూ టైర్లకూ సీటుకూ కావాల్సింది విడిగా బ్యాంకులో వేసి ఉంచాను.

ఆదివారం పొద్దున ఆరింటికి పెద్దాయన్ని వెంటబెట్టుకుని రమ్మన్నారు ఇంజనీరు గారు. శనివారం మధ్యాహ్నం నుంచి కారు తాళం ముట్టుకోనని మాటిచ్చారు.